కల్లుకు ఊరూ పేరూ: చిత్తూరు జిల్లా మద్యనిషేధంలో గీత కార్మికుడు

ఒక జాతి ఏం తిన్నదో రాస్తే దాన్ని సాంఘిక చరిత్ర అంటున్నాం. ఏం తాగిందో రాయబోతే అక్కడికి నీతిశాస్త్రం వచ్చి కూర్చుంటున్నది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఈ తేడా పెట్టుకోలేదు. కావ్యాల్లో కనిపించిన తిండినీ, బట్టనూ, ఆటనూ, పానాన్నీ ఒకే చూపుతో ఏరి, అవి ఆనాటి జనజీవితాన్ని గురించి ఏం చెబుతున్నాయో అడిగారు. ఆ దారి మనకు తెరిచే ఉంది. నడిచినవాళ్ళు మాత్రం తక్కువ.

నేను చిత్తూరు జిల్లావాణ్ణి. పానీయాల చరిత్రలో మా జిల్లాకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. రాజాజీ ప్రధానిగా ఉన్న మద్రాసు ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. సరిగ్గా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. ఆధునిక చట్టం ద్వారా మద్యనిషేధం అమలయిన తొలి తెలుగు జిల్లాలు ఈ రెండే. ఈ సంగతి చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యంగా దొరుకుతుంది. ఆ వాక్యంలో తాగేవాడున్నాడు, నిషేధించిన నాయకుడున్నాడు, నష్టపోయిన ఖజానా ఉంది. చెట్టెక్కి కల్లు గీసినవాడు లేడు. అతణ్ణి ఆ వాక్యంలోకి తీసుకురావడానికే ఈ వ్యాసం.

కల్లు గురించి మాట్లాడే ముందు పోలిక కోసం ఒకసారి జర్మనీ దాకా పోయిరావడం అవసరం. పానీయం కూడా ఒక ప్రాంతపు శ్రమకు గుర్తు కాగలదనీ, కావడానికి కొన్ని చారిత్రక పరిస్థితులు కావాలనీ అక్కడి ఉదాహరణ స్పష్టంగా చూపిస్తుంది.

జర్మనీ అనగానే బీరు గుర్తొస్తుంది. వైను అంటే తెల్లవైను గుర్తొస్తుంది. కాని రైన్ నదిలో ఎడమవైపు నుంచి కలిసే ఆర్ అనే చిన్న నది లోయలో పండేది ఎక్కువగా ఎర్రద్రాక్ష. అది యాభయ్యో అక్షాంశానికి ఉత్తరాన ఉన్న చలిప్రాంతం. ఎర్రద్రాక్ష పండడానికి అసలు అనుకూలం కాని చోటు. అయితే అక్కడి నిట్రమైన కొండవాలుల్లో పలకరాయి ఉంది. పగటి ఎండను అది పట్టి ఉంచుకొని రాత్రి తీగకు వెచ్చదనాన్ని ఇస్తుంది. మెట్లుమెట్లుగా రాతి గోడలు కట్టి తరతరాలుగా జనం ఆ వాలుల మీద ద్రాక్ష పెంచారు. మొత్తం లోయలో తోటలు సుమారు 530 హెక్టార్లు. అందులో అయిదింట నాలుగు వంతులు ఎర్రద్రాక్షే. ఫ్రాన్సులో పినో న్వార్ అనే రకాన్నే అక్కడ ష్పేట్‌బుర్గుండర్ అంటారు. దాని రంగు పల్చన, వాసన ఎక్కువ, వగరు తక్కువ. అందుకే వేటమాంసంతో, కాల్చిన బాతుతో, అడవి పుట్టగొడుగులతో, వినిగరులో రోజుల తరబడి నానబెట్టి వండే రైన్ ప్రాంతపు మాంసపు కూరతో దాన్ని తీసుకుంటారు. కొండ, తీగ, వంట, మూడూ కలిసి ఒక పేరైనాయి. జర్మనీ వైను చట్టం గుర్తించిన 13 వైను ప్రాంతాల్లో ఆర్ ఒకటి. సీసా మీద ఆ పేరు వేసుకునే హక్కు ఆ లోయవాళ్ళకే ఉంది.

ఈ పేరు కొండ ఇచ్చింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ లోయ రైతులు వర్తకులు పెట్టిన ధరకు పంట తెగనమ్ముకొన్నారు. కొందరు ఊళ్ళు విడిచి అమెరికా దారి పట్టారు. 1868లో మైషోస్ అనే ఊళ్ళో కొద్దిమంది ద్రాక్ష రైతులు సహకార సంఘం పెట్టుకొన్నారు. వైను సహకార సంఘాల్లో అతి పాతవాటిలో అది ఒకటి. రసం తీయడం, నిలవ చేయడం, అమ్మడం తమ చేతుల్లోకి తెచ్చుకొన్న తర్వాతనే ఆ ఊళ్ళ పేర్లకు విలువ వచ్చింది. 2021 జులైలో ఆర్ నదికి భయంకరమైన వరద వచ్చి లోయలో 130 మందికి పైగా చనిపోయారు. నేలమాళిగల్లో దాచిన సీసాలు బురదలో కూరుకుపోయాయి. ఆ బురద సీసాలనే కడగకుండా అమ్మి లోయ పునర్నిర్మాణానికి నిధులు పోగుచేశారు. కొన్నవాళ్ళు వైనుతోపాటు ఆ పేరునూ కొన్నారు. పేరున్న శ్రమకు కష్టకాలంలో దొరికే ఆసరా అటువంటిది.

ఆర్‌కు దక్షిణాన, అంత దూరం కాని మరొక లోయ మోజెల్. కార్ల్ మార్క్స్ పుట్టిన ట్రియర్ పట్నం ఆ నది ఒడ్డునే ఉంది. 1834లో జర్మన్ రాజ్యాల మధ్య సుంకాల గోడలు కూలిన తర్వాత దక్షిణాది వైన్ల పోటీకి మోజెల్ ద్రాక్ష రైతులు నిలవలేకపోయారు. వాళ్ళ దుస్థితిని గురించి ‘రైనిషె త్సైటుంగ్’ పత్రికలో వచ్చిన వార్తలను ప్రష్యన్ అధికారి ఒకరు ఖండిస్తే, ఆ విలేఖరిని సమర్థిస్తూ 1843 జనవరిలో మార్క్స్ వ్యాసాలు రాశాడు. కొద్ది నెలల్లోనే ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది. అంతకుముందు, 1842లో, అడవిలో రాలిన పుల్లలు ఏరుకొన్న పేదలను దొంగలుగా శిక్షించే చట్టం మీద కూడా ఆయన రాశాడు. ఆర్థిక విషయాలవైపు తనను మొదట మళ్ళించినవాటిలో ఈ రెండు సమస్యలూ ఉన్నాయని 1859లో ఆయనే చెప్పుకొన్నాడు. ఒకటి రైతు పండించిన పానీయానికి గిట్టుబాటు. రెండోది ఎవరూ నాటని చెట్టుమీద పేదవాడి హక్కు. మా జిల్లా ఈడిగవారి చరిత్రలో ఈ రెండు ప్రశ్నలూ ఒకే చెట్టు దగ్గర ఎదురవుతాయి.

ఆ చెట్టు ఈతచెట్టు. స్వర్ణముఖి, బాహుదా, కౌండిన్య, వాటిలో కలిసే లెక్కలేనన్ని వాగులు ఏడాదిలో చాలా నెలలు ఇసుకపాయలుగానే ఉంటాయి. ఆ ఇసుక గట్ల మీద, చెరువు కట్టల కింద, పోరంబోకు నేలల్లో ఈత తనంతట తాను మొలుస్తుంది. నాటేవాడు లేడు, నీరు కట్టేవాడు లేడు. వానలు తగ్గి చలి మొదలయ్యాక ఈతకు గీత మొదలవుతుంది. వేసవిలో తాటిచెట్టు వంతు. తాటికి గెల కోస్తారు. ఈతకు మాత్రం మొవ్వు కింద మాను చెక్కి గాటు పెడతారు. ఒక ఏడు ఒక వైపు, మరుసటి ఏడు రెండో వైపు. అందువల్ల పాత ఈతమాను మెట్లు మెట్లుగా వంకరపోయి కనిపిస్తుంది. ఆ గాట్లు లెక్కపెడితే చెట్టును ఎన్నేళ్ళు గీశారో తెలిసిపోతుంది. లోతుగా కోస్తే చెట్టు చస్తుంది, పైపైన కోస్తే రసం రాదు. మధ్యమధ్య చెట్టుకు విరామం ఇవ్వాలి. ఎంత కోయాలో, ఎప్పుడు ఆపాలో కత్తి పట్టిన చేతికే తెలుసు. రాయలసీమలో ఈ పని చేసేవారిని ఈడిగలంటారు. ‘ఈడ్చు’ అనే క్రియనుంచి ఆ మాట వచ్చిందని వ్యుత్పత్తి చెబుతారు. చెట్టునుంచి రసాన్ని ఈడ్చేవారని అర్థం. మోకు తెగినా, కాలు జారినా ఆ కుటుంబానికి అంతటితో ఆధారం పోయినట్టే.

రాత్రంతా కుండలో పడిన రసం తెల్లవారేసరికి తియ్యగా ఉంటుంది. కుండకు లోపల సున్నం పూస్తే పులియదు, దాన్నే నీరా అంటారు. పూయకపోతే గాలిలోని, కుండలోని సూక్ష్మజీవులు పొద్దెక్కేలోగా దాన్ని కల్లు చేస్తాయి. సాయంత్రానికి పులుపు ఎక్కుతుంది, మర్నాటికి పుల్లనీళ్ళవుతుంది. అందులోని సారాయి పాలు అయిదు శాతానికి కాస్త అటూ ఇటూ. వైనులో ఉండేదానికి సగం కూడా కాదు. ఈ లక్షణాలను చరిత్రకారుడు గుర్తుపెట్టుకోవాలి. వైను ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది, సముద్రాలు దాటుతుంది, ధర పెరిగేదాకా ఆగగలదు. కల్లు ఆగలేదు. పొద్దున గీసింది పొద్దుగూకేలోగా అక్కడే అమ్ముడు కావాలి. అందుచేత కల్లు గీసినవాడికి బేరమాడే శక్తి పుట్టుకతోనే లేదు. కొనేవాడు రేపు రమ్మంటే సరుకు చెడిపోతుంది. మైషోస్ రైతులు నేలమాళిగ కట్టుకొని వర్తకుడి పట్టునుంచి బయటపడ్డారు. ఈడిగకు నేలమాళిగ కట్టే వీలే లేదు.

కల్లుకు తోడుగా తినే తిండిని చూసినా ఆ ప్రాంతపు బతుకు కనిపిస్తుంది. కల్లంగడి ముందు గంప పెట్టుకొని కూర్చునే ముసలమ్మల దగ్గర ఉడకేసిన చెనిక్కాయలు, శనగ గుగ్గిళ్ళు, బొరుగులు, మిరపకాయ బజ్జీలు దొరికేవి. సంత రోజయితే ఎండుచేప కాల్చి పెట్టేవాళ్ళు. బోటీ, తలకాయ వండి తెచ్చేవాళ్ళు. పులుపు, తీపి కలిసిన కల్లుకు ఉప్పూ కారమూ సరిజోడు. అందులోనూ మంచి మాంసం కొనలేనివాడి భాగానికొచ్చిన మాంసంతోనే ఈ వంటలన్నీ అల్లుకొన్నాయి. ఇంటికి పోయాక ఎలాగూ రాగిసంగటీ ఊరుబిండీ ఉన్నాయి. ఇదంతా అనాది సంప్రదాయమని అనుకోవడానికి మాత్రం వీల్లేదు. మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చింది. వేరుశనగ కూడా దక్షిణ అమెరికాదే. ఎగుమతి పంటగా అది మా మెట్టభూముల్ని కమ్ముకొన్నది పందొమ్మిదో శతాబ్దం చివరా ఇరవయ్యో శతాబ్దం మొదటా. విదేశీ మార్కెట్టుకు పండించిన పంటలో మిగిలింది కల్లంగడి ముందు గంపలోకి చేరింది. మద్యనిషేధం కల్లంగడిని మూసినప్పుడు ఈ గంప కూడా మూతపడింది. ఆ లెక్క ఏ నివేదికలోనూ ఎవరి పేరునా రాయలేదు.

ఇక రాజ్యం ఈ చెట్టు దగ్గరికి ఎలా వచ్చిందో చూడాలి. ఆబ్కారీ అనేది పారశీక పదం. కుంఫిణీవారి కాలంలో ఒక ప్రాంతం మొత్తం మీద కల్లు, సారాయి అమ్మే హక్కును గుత్తదారులకు ఇజారా ఇచ్చేవారు. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో ఈ వ్యవహారం కట్టుదిట్టమయింది. గీసే ప్రతి చెట్టుకూ పన్ను. పన్ను కట్టిన చెట్టుకు నంబరు వేస్తారు. నంబరు లేని చెట్టుకు కత్తి తగిలిస్తే నేరం. అంగడి హక్కుకు వేరే వేలంపాట. వాగు గట్టున దానంతట అది మొలిచిన ఈతచెట్టు ఆ విధంగా సర్కారు దస్త్రంలో ఒక అంకె అయింది. అందులోంచి రసం తీసే విద్య ఉన్నవాడు అనుమతి అడుక్కొనే స్థితికి దిగాడు. చెట్టు సొంతదారుకు బాడుగ, సర్కారుకు పన్ను, పాటదారుకు బాకీ. ఈ మూడూ తీర్చగా మిగిలినదే గీసినవాడికి. అడవిపుల్లల మీద ప్రష్యా చట్టం ఏం చేసిందో, ఈతచెట్టు మీద మద్రాసు చట్టం ఇంచుమించు అదే చేసింది. అక్కడ ఏరుకోవడం నేరమయింది, ఇక్కడ గీయడం కొనుక్కోవలసిన హక్కయింది.

మరోవైపు పెద్ద బట్టీల్లో కాచిన సారాయి పల్లెలకు దిగింది. కల్లుకు చెట్టుంది, రుతువుంది, ఊరుంది. సారాయికి ఈ మూడూ అక్కరలేదు. బట్టీ ఎక్కడున్నా పీపాల్లో వస్తుంది, ఏడాది పొడుగునా వస్తుంది, చెడిపోదు, మత్తు ఎన్నో రెట్లు. పాటదారుకూ ఖజానాకూ ఇదే అనుకూలమైన సరుకు. 1937 నాటికి మద్రాసు రాష్ట్ర ఆదాయంలో సుమారు నాలుగో వంతు ఆబ్కారీనుంచే వస్తున్నదంటే ఈ యంత్రం ఎంత బాగా నడిచిందో ఊహించుకోవచ్చు. జాతీయోద్యమం కల్లంగళ్ళ ముందు పికెటింగు చేయడానికి నైతిక కారణంతోపాటు ఈ రాజకీయ కారణం కూడా ఉంది. కూలివాడి ముంతలోంచి పరాయి ప్రభుత్వం తన ఖర్చులు వెళ్ళదీసుకొంటున్నదన్న విమర్శలో అబద్ధం లేదు.

అందుచేత 1938 నాటి నిషేధాన్ని తేలికచేసి మాట్లాడడం తగదు. ప్రభుత్వాదాయంలో అంత వాటాను వదులుకోవడానికి సాహసం కావాలి. కూలిడబ్బు ఇంటికి చేరిన ఇళ్ళు మా జిల్లాలో తప్పకుండా ఉన్నాయి. తన్నులు తప్పిన ఆడవాళ్ళున్నారు. అయినా ఆ చట్టం రెండు తేడాల్ని చూడలేదు. కల్లుకూ సారాయికీ ఉన్న తేడా ఒకటి. తాగేవాడికీ గీసేవాడికీ ఉన్న తేడా రెండోది. సారాయి పాటదారుకు పెట్టుబడి ఉంది, మరో వ్యాపారంలోకి పోగలడు. ఈడిగకు ఉన్నది మోకూ కత్తీ, చెట్టును చదివే కన్నూ. నీరా తీసి బెల్లం వండుకోవడానికి అనుమతులిస్తామన్నారు, సహకార సంఘాలన్నారు. కాని పల్చటి రసాన్ని బెల్లం పాకందాకా కాచాలంటే గంటల తరబడి మంట కావాలి. కట్టెలకు కరువైన సీమలో అది ఎంతమందికి సాధ్యం? పైగా మా జిల్లా చెరకుబెల్లానికి పేరుపడ్డ జిల్లా. ఆ బెల్లం పక్కన ఈతబెల్లం ఏ సంతలో నిలుస్తుంది? పేదవాడికి ప్రత్యామ్నాయం చూపేటప్పుడు అతని ఊరి సంతను ఒకసారి చూసి రావడం పాలకులకు అలవాటు లేదు.

భూగోళం కూడా చట్టానికి సహకరించలేదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఉత్తర ఆర్కాటునుంచి కొన్ని తాలూకాలు, కడపనుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కలిపి కూర్చిన సరిహద్దు జిల్లా అది. పలమనేరు, పుంగనూరు దాటితే మైసూరు సంస్థానం, అక్కడ నిషేధం లేదు. దక్షిణాన ఉత్తర ఆర్కాటుకు నిషేధం వచ్చింది 1939లో. నడమంతరంగా గీత గీసి ఇటు నేరం, అటు వ్యాపారం అంటే ఆ గీతను జనం ఎలా చూస్తారో చెప్పనక్కర్లేదు. బెల్లం, తుమ్మచెక్క, ఒక కుండ, కాస్త మరుగు ఉంటే నాటుసారా కాయడం కష్టం కాదు. చెట్టుమీది కుండ దూరానికి కనిపిస్తుంది. గుట్టల్లోని బట్టీ కనిపించదు. బహిరంగంగా ఉన్న బలహీనమైన పానీయాన్ని పట్టుకోవడం పోలీసుకు సులువు, దాగి ఉన్న బలమైన పానీయాన్ని పట్టుకోవడం కష్టం. ఏ దేశంలో నిషేధం పెట్టినా జరిగేది ఇదే. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా జరిగిందీ ఇదే.

పోయిన ఆదాయాన్ని పూడ్చడానికి రాజాజీ ప్రభుత్వం 1939లో సాధారణ అమ్మకం పన్ను తెచ్చింది. మనదేశంలో అటువంటి పన్ను అదే మొదటిది. ఈ పరిణామానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదనుకొంటాను. తాగేవాడిమీద పన్ను పోయి కొనే ప్రతివాడిమీదా పన్ను వచ్చింది. తర్వాత కల్లూ సారాయీ తిరిగివచ్చాయి, వాటి పన్నూ తిరిగివచ్చింది. అమ్మకం పన్ను మాత్రం వెనక్కి పోలేదు, దేశమంతా పాకి రాష్ట్రాలకు ప్రధానాధారమయింది. 2017లో దాని స్థానంలో జీఎస్టీ వచ్చినప్పుడు కూడా తాగే మద్యాన్ని దాని బయటే ఉంచారు. ఆ రాబడిని ఏ రాష్ట్రమూ కేంద్రంతో పంచుకోదలచలేదు. మద్యం గురించి మన ప్రభుత్వాలు ఎన్ని నీతులు చెప్పినా ఈ ఒక్క విషయంలో మాట మార్చలేదు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో గవర్నరు పాలన నిషేధాన్ని పక్కనపెట్టింది. 1946లో అది మళ్ళీ మొదలై 1948కి మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేనాటికి ఉత్తరాన శ్రీకాకుళంనుంచి దక్షిణాన చిత్తూరు దాకా చెట్టు గీయడం నేరం. ఎస్.వి. రామమూర్తి కమిటీ నిషేధం విఫలమయిందని తేల్చి ఎత్తివేయమన్నది. ప్రభుత్వం తటపటాయించింది. గౌతు లచ్చన్న నాయకత్వాన గీత కార్మికులు సత్యాగ్రహానికి దిగారు, జైళ్ళకు పోయారు. 1954 నవంబరులో ఈ సమస్యమీదే టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తెలుగువాళ్ళ తొలి భాషాప్రయుక్త రాష్ట్రపు తొలి ప్రభుత్వం పడిపోవడానికి గీత కార్మికుడి ఆకలి ఒక కారణమయిందన్న సంగతి మన చరిత్ర పాఠాల్లో ఎంతమందికి చెబుతున్నాం? ప్రకాశం ధైర్యసాహసాల గురించి వ్యాసాలు రాయించే మాస్టర్లు ఆ ఓటు వెనక ఉన్న మోకూ కత్తీ గురించి రాయించరు.

1956లో తెలంగాణ కలిసిన తర్వాత ఒకే రాష్ట్రంలో రెండు న్యాయాలు నడిచాయి. అక్కడ గీత వృత్తి, ఇక్కడ నేరం. 1969లో ఆంధ్రప్రాంతంలో నిషేధం ఎత్తేశారు. అంటే మా జిల్లాలో, యుద్ధకాలపు విరామాన్ని మినహాయిస్తే, దాదాపు ఒక తరం చెట్టుకు చట్టబద్ధంగా దూరమయింది. తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చుకొనే విద్య అది. పుస్తకంలో దొరికేది కాదు. తిరిగి అనుమతి వచ్చేసరికి ఎదురుగా నిలబడింది సారాయి. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాయిని పొట్లాల్లో పల్లెపల్లెకూ చేర్చింది. కల్లు ఒక ఊరిది, సారాయి పొట్లానికి ఏ ఊరూ లేదు. అది శ్రీకాళహస్తిలోనూ ఒకటే, శ్రీకాకుళంలోనూ ఒకటే.

దాన్ని ఎదిరించింది ఆడవాళ్ళు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలయిన సారా వ్యతిరేకోద్యమం పక్కనున్న మా జిల్లాకూ పాకింది. అక్షరాస్యతా ఉద్యమం వాచకంలోని పాఠం వాళ్ళను కదిలించిందన్నది అందరూ ఎరిగినదే. రచయితలు గర్వంగా చెప్పుకోవలసిన సందర్భం అది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాయి నిషేధమయింది. చిత్తూరులో తొలి నిషేధానికి సరిగ్గా 55 ఏళ్ళ తర్వాత, అదే తేదీన. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఈ రెండు నిషేధాల తేడా గమనించదగ్గది. 1938లో నిషేధం పైనుంచి వచ్చింది, చట్టం అందర్నీ ఒకే గాటకట్టింది. 1992లో అది కిందినుంచి వచ్చింది. ఆ ఆడవాళ్ళకు తమ శత్రువెవరో తెలుసు. వాళ్ళు నిలవేసింది సారాయి వేలంపాటనూ, పాటదారునూ, అతని వెనకున్న ప్రభుత్వాన్నీ.

కల్లును నేను పొగడడం లేదు. కల్లంగడిలో తగలబడ్డ సంసారాలు ఉన్నాయి. చెట్లు చాలని చోట మత్తుమందులు కలిపిన కల్తీకల్లు మనుషుల ప్రాణాలు తీసిన ఉదంతాలు తెలుగునేలమీద తక్కువేమీ కాదు. ఆ కల్తీకి మూలం కూడా చెట్టునుంచి పానీయాన్ని విడదీయడంలోనే ఉంది. చెట్టు ఇచ్చేదానికంటే ఎక్కువ అమ్మాలనుకొన్న క్షణంనుంచి అది కల్లు కాదు, కల్లు రంగున్న మరో సరుకు. గీతవృత్తిని కాపాడడానికి సహకార సంఘాలు పెట్టారు, చెట్లకు వ్యక్తిగత అనుమతులిచ్చే పథకాలు తెచ్చారు. చెట్టుమాత్రం ఏటేటా తగ్గింది. వాగుల్లో ఇసుక ఎత్తేశారు, గట్లు చదును చేశారు, పోరంబోకులు ఇళ్ళస్థలాలయ్యాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు తిరిగి ప్రైవేటువారికి ఇచ్చినప్పుడు వాటిలో పదిశాతం గీత కులాలకు కేటాయించారు. ఒక వర్గానికి న్యాయం చేసే ఉద్దేశాన్ని శంకించనక్కర్లేదు. కాని ఆ దుకాణంలో అమ్మేది ఎక్కడో కర్మాగారంలో తయారయిన సీసా. చెట్టెక్కే కులానికి చెట్టు ఇవ్వలేక కౌంటరు ఇచ్చారు. ఆ కౌంటరు వెనక కూర్చోవడానికి పెట్టుబడి కావాలి. మోకు మోసే మనిషి దగ్గర అది ఉంటుందా?

ఇప్పుడు మన సాహిత్యం వైపు చూద్దాం. గురజాడ ‘కన్యాశుల్కం’లో సారా దుకాణం రంగం ఉంది. అక్కడ దుకాణదారు మాట్లాడతాడు, బైరాగి వేదాంతం చెబుతాడు, హెడ్డు కానిస్టేబు తాగుతాడు. రాజ్యమూ మతమూ వ్యాపారమూ ఒకే చోట కూర్చున్న ఆ దృశ్యం ఆబ్కారీ వ్యవస్థకు అద్దంపట్టింది. మన సాహిత్యంలో ఆ తర్వాత తాగుబోతులు చాలామంది వచ్చారు. తాగి భార్యను కొట్టినవాడు, తాగి తత్వం చెప్పినవాడు, తాగుడు మాని బాగుపడినవాడు. కత్తి నూరుకొని చీకటితో లేచి చెట్టెక్కినవాడికి మాత్రం అంత చోటు దొరకలేదు. మా జిల్లాకు పేరుమోసిన కథకులున్నారు. కె. సభా, మధురాంతకం రాజారాం, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఈ నేల మాటనూ మనిషినీ తెలుగు కథకు ఇచ్చారు. వాళ్ళు వేసిన దారిలో ఇంకా రాయవలసిన మనుషుల్లో ఈడిగ మొదటి వరసలో ఉన్నాడని నా అభిప్రాయం.

తాటిచెట్టు కింద పాలు తాగినా లోకం కల్లనే అంటుందని సామెత. చెడ్డచోట నిలబడవద్దని దాని హెచ్చరిక. ఆ సామెత పుట్టించినవాడి చేతిలో పాలగ్లాసు ఉంది. చెట్టు పైనున్నవాడి గురించి అతడు ఆలోచించలేదు. ఆర్ లోయ రైతు తన కొండకు, తీగకు, పనిముట్లకు, పనికి ఉన్న మాటలన్నిటినీ నిలుపుకొన్నాడు. వాటి మీద నిఘంటువులున్నాయి, బడులున్నాయి, చట్టాలున్నాయి. మన ఈడిగ మాటలు అతని నోట్లోనే ఉన్నాయి. కత్తి రకాలకు, గాటు లోతుకు, రసం పులిసే దశలకు, చెట్టు అలసటకు, కుండ వాసనకు అతని దగ్గర పేర్లున్నాయి. వృత్తి పోతే ఆ మాటలు ముందు పోతాయి. వృత్తిపదకోశాలు తయారుచేసే సంప్రదాయం తెలుగులో ఉంది. తిరుపతిలో విశ్వవిద్యాలయాలున్నాయి, తెలుగు శాఖలున్నాయి. ఏటా ఎందరో విద్యార్థులు పరిశోధనకు విషయం దొరకలేదని వాపోతుంటారు. చంద్రగిరి వైపుగానీ, మదనపల్లె వైపుగానీ ఒక పూట బస్సులో పోతే ఇంకా చెట్టు గీస్తున్న ముసలివాళ్ళు దొరుకుతారు. వాళ్ళను అడగవలసింది ఎంత తాగారని కాదు. ఎన్ని చెట్లు గీశారు, ఏ వాగు గట్టున, ఎవరికి ఎంత కట్టారు, నిషేధపు రోజుల్లో మీ నాయన ఏ పనికి పోయాడు? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు కథలవుతాయి, చరిత్రా అవుతుంది. ఆలస్యం చేస్తే అడగడానికి మనుషులుండరు. గాట్లుపడ్డ ఈతమాన్లు మాత్రం మిగిలితే, వాటిని చదవడం మనకెవరికీ రాదు.